గంటాలమ్మ దగ్గర నలభై నిమిషాలు

ఓనర్ ముందు పెట్టే టూర్ ప్లాన్‌లో రెండు మజిలీలు ఎప్పుడూ ఎక్కువే రాయాలి. కొట్టేయడానికి. ఏదో ఒకటి కొట్టేస్తే తప్ప ఆ కుర్చీ తనదేనన్న తృప్తి ఆ మనిషికి కలగదు. ఖమ్మం బస్టాండ్ వెనక వీధిలోని ట్రావెల్స్ ఆఫీసులో నాలుగేళ్లుగా ప్లాన్లు రాస్తున్న జమ్లి మొదట నేర్చుకున్న పాఠం అది.

ఆ రోజు ఆమె ఒక్కటే ఎక్కువ రాసింది. అది అతను తప్పక కొట్టేయాలని రాసింది.

ఓనర్ శ్రీనివాస్ కాగితాన్ని ముందుకు లాక్కుని పెన్ను మూత తీశాడు. పదిహేడు సీట్ల కొత్త టెంపో ట్రావెలర్. పదకొండు రోజులు. భద్రాద్రి రాముడి దగ్గర మొదలుపెట్టి రామేశ్వరం దాకా. దారిలో పర్ణశాల, శ్రీకాళహస్తిలో కలంకారీ బొమ్మలు గీసే ఇళ్లు, కంచిలో మగ్గాలు, చిదంబరం, తంజావూరు. తిరుగు దారిలో మధురై, లేపాక్షి. ప్రతి ఊరి పేరు పక్కన ఏం చూడాలి, ఎక్కడ తినాలి అని రాసి, చివరి గడిలో నిమిషాలు వేసింది. నిమిషాలు వేయని మజిలీ తన బండికి వద్దని శ్రీనివాస్ రూలు. ప్రతి మజిలీలోనూ ఫోన్ పట్టుకుని లైవ్ పెట్టాలని కూడా అతనే చెప్పాడు. మొదటి ట్రిప్పు ఊరంతా చూడాలి.

మొదటి వరుసలో ఇలా ఉంది: గంటాలమ్మ, పినపాక దాటాక అడవిలో. నలభై నిమిషాలు.

పెన్ను ఆ వరుస దాటి కంచి దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. మళ్లీ పైకి వచ్చింది.

"ఇదేంది? పాల్వంచ మీదికెళ్లి సీదా భద్రాచలం పోక ఈ అడవిల తిప్పుడెందుకు?"

గుడితో మొదలయ్యే ప్లాన్లు అందరి దగ్గరా ఉన్నాయని జమ్లి చెప్పింది. రోడ్డు మీద గండం తప్పిన డ్రైవర్లు ఆ తల్లికి గంట కడతారనీ, వందల గంటలు చెట్ల మధ్య వేలాడుతుంటాయనీ, వీడియోకు అంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదనీ చెప్పింది. శ్రీనివాస్ వినలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి. వరుస మీద అడ్డంగా ఒకటికి రెండు గీతలు గీశాడు.

జమ్లి గోడ గడియారం చూసింది. ఒంటి గంటకు రెండు నిమిషాలు తక్కువ.

సరిగ్గా ఒంటి గంటకు శ్రీనివాస్ తల్లి ప్రమీలారాణి టిఫిన్ క్యారియర్‌తో లోపలికి వచ్చింది. రోజూ వచ్చినట్టే. దేవుడి పేరు కనిపించిన కాగితాన్ని చదవకుండా వదిలే మనిషి కాదామె. క్యారియర్ బల్ల మీద పెట్టి, కళ్లజోడు సర్దుకుని, గీతల కింద ఉన్న పేరు చదివింది. ఆమె ముఖంలో రంగు మారింది.

"ఆ తల్లి పేరు మీద గీత గీసుడేందిరా?"

అడవి దారి బాగాలేదని శ్రీనివాస్ గొణిగాడు. తల్లి అతన్ని చాలాసేపు చూసింది. ఇద్దరి చూపుల మధ్య ఏదో నడిచింది. జమ్లి తల వంచుకుని కాగితాల మూలలు సరిచేస్తూ కూర్చుంది.

"కొత్త బండి. మొదలు ఆమె కాడ ఆగాలె. లేకుంటే ఈ బండికి నేను కుంకుమ పెట్ట. భద్రాచలం దాక నేను గూడ వస్త," అంది ప్రమీలారాణి.

గీతల పక్కన శ్రీనివాస్ అయిష్టంగా టిక్కు పెట్టాడు. ప్రమీలారాణి క్యారియర్ విప్పి, ఎప్పటిలాగే ఒక గిన్నె జమ్లి వైపు జరిపింది. బీరకాయ పప్పు. జమ్లి తిన్నది. ఆ ఇంటి అన్నం నాలుగేళ్లుగా తింటూనే ఉంది. ఒక్క మెతుకు కూడా ఆమె పగను పలచన చేయలేదు.

జమ్లి ఇంటిపేరు పెళ్లయ్యాక అజ్మీరా. అంతకుముందు భూక్యా. పెనుబల్లి పక్కన తండాలో ఉంటున్న భూక్యా జైరాం ఆమెకు సొంత అన్న. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఆరేళ్ల కింద జైరాం ఈ ట్రావెల్స్‌లోనే డ్రైవర్. 2018 ఆగస్టు పద్నాలుగున యాత్రికులను ఎక్కించుకుని అడవి దారిన భద్రాచలం బయలుదేరాడు. అప్పటికి ఓనర్ తండ్రి; కొడుకు శ్రీనివాస్ కూడా సరదాగా ముందు సీటులో ఎక్కాడు. అతనెవరో యాత్రికులకు తెలియదు, క్లీనర్ అనుకున్నారు. మధ్యాహ్నం తిండి తిని వెనక జనం కునుకు తీస్తుంటే, పినపాక దాటాక ఓనర్ కొడుకు స్టీరింగ్ అడిగాడు. ఓనర్ కొడుకు అడిగితే జీతగాడు ఇవ్వక ఏం చేస్తాడు? జైరాం పక్క సీటులోకి జరిగాడు. నాలుగో మలుపులో బండి మద్దిచెట్టును గుద్దింది. యాత్రికుల్లో తల్లాడకు చెందిన దూలయ్య అనే రైతు అక్కడికక్కడే చనిపోయాడు. శ్రీనివాస్ దిగి అడవిలోకి పరుగెత్తాడు. నుదురు పగిలిన జైరాంను ఎవరో బయటికి లాగి పడుకోబెట్టారు. ఏ సీటులోంచి లాగారో ఆ గోలలో ఎవరికీ గుర్తులేదు.

మూడు రోజుల తర్వాత దవాఖానాలో కళ్లు తెరిచేసరికి జైరాం ముద్దాయి. తన కొడుకు ఆ రోజంతా ఖమ్మంలో ఇంట్లోనే ఉన్నాడని, తనతో పాటు పూజలో కూర్చున్నాడని ప్రమీలారాణి పోలీసులకు చెప్పింది. చల్లగా, పద్ధతిగా, ఏ పూజో కూడా చెప్పింది. జైరాం మాట ఎవరూ నమ్మలేదు. కోర్టు వరండాలో దూలయ్య భార్య ముత్తక్క అతని నెత్తిన దోసెడు మన్ను పోసింది. ఏడాదిన్నర జైలు. లైసెన్సు పోయింది. అతను లోపల ఉండగానే వాళ్ల యాడి చనిపోయింది. తల్లిని మట్టిలో పెట్టి రావడానికి కొడుక్కి రెండు గంటలు ఇచ్చారు. గడియారం పట్టుకుని పక్కనే పోలీసు నిలబడ్డాడు.

నిమిషాలంటే ఏమిటో జమ్లికి ఎవరూ నేర్పనక్కరలేదు.

ఆమె ఈ ఉద్యోగంలో చేరింది సాక్ష్యం కోసం. మూడున్నరేళ్లు పాత రిజిస్టర్లు, ట్రిప్ షీట్లు, ఫోటోలు వెతికింది. ఏమీ దొరకలేదు. దొరికింది ఆఫీసులో కాదు, అడవిలో.

పోయిన నవంబర్‌లో కొత్త మజిలీల కోసం దారి చూసి రమ్మని శ్రీనివాస్ ఆమెను పంపాడు. బండి తోలింది సీనియర్ డ్రైవర్ ముస్తకీమ్. పినపాక దాటాక రెండు మద్దిచెట్ల మధ్య తీగలు కట్టి, తీగల నిండా గంటలు. కింద పసుపు పూసిన రాయి. అదే గంటాలమ్మ. గుడి లేదు, గోపురం లేదు. పూజ చేసే పిచ్చయ్య తాత గంటలకు నూనె రాస్తున్నాడు. మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద కొట్టించినట్టే ఒక్కో గంట మీద పేరూ ఊరూ తారీఖూ కొట్టించి ఉన్నాయి. వీడియోకు పనికొస్తాయని జమ్లి ఒక్కొక్కటే చదువుకుంటూ పోయింది. మూడో తీగ మీద ఇత్తడి గంట దగ్గర ఆగి, రెండోసారి చదివింది.

మొక్కు తీర్చే మనిషి దేవత దగ్గర లెక్క తప్పకూడదు. ఏ రోజు, ఎక్కడ, ఎవరిని కాపాడిందో తల్లికి స్పష్టంగా చెప్పాలి. లేకపోతే ఆ మొక్కు ఎవరి ఖాతాలో పడుతుందో ఏమో. ప్రమీలారాణి అన్నీ స్పష్టంగా కొట్టించింది.

ముస్తకీమ్ దగ్గరికి వచ్చి ఆ గంటను గుర్తుపట్టాడు. ఆరేళ్ల కింద అమ్మగారిని ఇక్కడికి తీసుకొచ్చింది తనేనని, గంట కట్టే తీగ లాగి పట్టుకుంది కూడా తనేనని చెప్పాడు. ఉర్దూ బడిలో చదివినవాడు, తెలుగు అక్షరాలు రావు. జమ్లి చదివి వినిపించింది. ముస్తకీమ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. జైరాంకు స్టీరింగ్ పట్టడం నేర్పింది అతనే.

ఆమె తీసిన గంట ఫోటోలు చూసి అన్న తరఫు లాయర్ పెదవి విరిచాడు. ఖమ్మంలో శ్రీనివాస్‌లు వీధికి పదిమంది ఉంటారు, గంట మీది పేరుతో కేసు తిరగబడదు అన్నాడు. "కొట్టిచ్చిన మనిషి నోటితోని రావాలె. పదిమంది ముందట రావాలె."

పోలీసుల ముందు చెక్కుచెదరని మనిషి నోరు ఎలా తెరిపించాలి? ఆ దారి పిచ్చయ్య తాత చూపించాడు, తనకు తెలియకుండానే. కట్టిన గంటను ఎవరూ విప్పరని, విప్పితే మొక్కు వెనక్కి తీసుకున్నట్టేనని చెప్పాడు. అప్పుడు తల్లి కూడా తానిచ్చింది వెనక్కి తీసుకుంటుంది. పెద్ద గంట కడతానని పాతది విప్పిన ఒక లారీ ఓనర్ వారం తిరగకుండా పోయాడట.

జమ్లి ఆ మాట డైరీలో రాసుకుంది. ప్లాన్ ఆ రోజే మొదలైంది.

తర్వాత తల్లాడ వెళ్లింది. దూలయ్య, ముత్తక్క ఆనాడు బయలుదేరింది భద్రాద్రి రాముడి దర్శనానికే. ఆ దర్శనం ఆమెకు ఇప్పటికీ కాలేదు. మొదటి ట్రిప్పులో ఒక పెద్దమ్మను ఉచితంగా తీసుకెళ్లడం కంపెనీ పద్ధతి అని జమ్లి అబద్ధం చెప్పింది. దారి ఎటు నుంచో మాత్రం నిజమే చెప్పింది. ముత్తక్క ఆలోచించి, ఆ చెట్టును ఒకసారి చూడాలని ఉందని ఒప్పుకుంది.

ఫిబ్రవరి రెండో గురువారం పొద్దున టెంపో బయలుదేరింది. ఓనరే తోలాలని ప్రమీలారాణి పట్టుబట్టింది. పదిమంది యాత్రికులు, చాలావరకు రిటైరైన ఉద్యోగులు, వెనక హుషారుగా ఉన్నారు. వీడియోలు తీసే ఫాయిజా డోర్ పక్కన. ముస్తకీమ్ ముందు సీటులో. జమ్లి చివరి వరుసలో ముత్తక్క పక్కన. ముత్తక్క ఒడిలో అటుకుల మూట ఉంది, రాముడి కోసం.

అడవి దారి పట్టాక మోదుగ పూలు రెండు వైపులా ఎర్రగా మొదలయ్యాయి. ఎవరో పాట అందుకున్నారు. పినపాక దాటాక శ్రీనివాస్ మాట్లాడటం మానేశాడు. నాలుగో మలుపులో బండి నడక కన్నా మెల్లగా కదిలింది. ముత్తక్క కిటికీకి ముఖం ఆనించింది. పక్కన బెరడు ఊడి మానిపోయిన మద్దిచెట్టు వెనక్కి జరిగిపోయింది. ఆమె అటుకుల మూట ముడి బిగించింది.

గంటాలమ్మ దగ్గర దిగేసరికి పది దాటింది. జమ్లి వాచీ చూసుకుంది. నలభై నిమిషాలు మొదలు.

ప్రమీలారాణి కొబ్బరికాయ కొట్టింది. కొత్త బండికి నిమ్మకాయలు, కుంకుమ. శ్రీనివాస్ తల్లి పక్కనే నిలబడి మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తున్నాడు. జమ్లి ఫాయిజాను తీగల దగ్గరికి తీసుకెళ్లి, ఒక్కో గంట కథ జనానికి చదివి వినిపించమంది. ఫాయిజా ఫోన్ ఎత్తి లైవ్ మొదలుపెట్టింది. కొత్తగూడెం లారీ డ్రైవర్ గంట ఒకటి చదివింది. తర్వాత ఆటో సలీం, బ్రేకులు పోయినా బతికినందుకు. యాత్రికులు నవ్వుతూ చుట్టూ మూగారు.

మూడో తీగ. జమ్లి ఇత్తడి గంటను తనే తిప్పి పట్టుకుంది.

ఫాయిజా అదే హుషారులో చదివింది. "పద్నాలుగు, ఎనిమిది, రెండువేల పద్దెనిమిది. ఈ తావున బండి గండం తప్పి, చిరంజీవి శ్రీనివాస్ ప్రాణంతో ఇల్లు చేరినందుకు. తల్లి ప్రమీలారాణి, ఖమ్మం." తర్వాత ఓనర్ వైపు తిరిగి, "సార్, ఇది మీ గంటే కదా," అంది నవ్వుతూ.

ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. వెనక నుంచి ముత్తక్క జనాన్ని జరుపుకుంటూ వస్తోంది.

"ఆ తారీఖు మల్ల సదువు బిడ్డా."

ఫాయిజా మళ్లీ చదివింది. ఈసారి నవ్వు లేదు.

"ఆ దినం ఈడ గుద్దుకున్నది ఒక్కటే బండి," అంది ముత్తక్క. అరవలేదు. "అండ్ల నేనున్న. నా పెనిమిటి అండ్లనే సచ్చిండు. నీ కొడుకు ఏ సీట్ల కూసున్నడమ్మా?"

ప్రమీలారాణి చేతిలోని హారతి పళ్లెం వంగింది. కర్పూరం జారి మట్టిలో పడి అక్కడే మండింది. శ్రీనివాస్ ముందుకొచ్చాడు. ఆ పేరు తనది కాదన్నాడు, ఆ తల్లి పేరు కూడా ఎందరికో ఉంటుందన్నాడు, ఎవరో కావాలని కట్టారన్నాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

జమ్లి ఈ ఘడియ కోసమే నాలుగేళ్లు పప్పన్నం తిన్నది. గొంతు ఎప్పటిలా మెత్తగానే ఉంది.

"మనది కాకుంటే విప్పేయండి సార్. ఎవరిదో గంట. మీ పేరు పాడైతది."

శ్రీనివాస్ అందుకే ఎదురుచూస్తున్నట్టు చెయ్యి పైకెత్తాడు. తీగ మెలిక పట్టుకుని తిప్పాడు. ఆరేళ్ల తుప్పు కరకరలాడింది. పిచ్చయ్య తాత నూనె గిన్నె పక్కన పెట్టి లేవబోయాడు. ఒక మెలిక విడింది. రెండోది సగం విడింది. గంట పక్కకు వాలి, ఒక్కసారి మోగింది.

"విప్పకు."

ప్రమీలారాణి పళ్లెం వదిలేసి కొడుకు చేతి మీద పడింది. రెండు చేతులతో ఆ పిడికిలిని తీగ నుంచి ఊడదీయాలని చూసింది. శ్రీనివాస్ విదిలించాడు. ఆమె వదల్లేదు.

"విప్పకురా. నీ పాణం దానికి కట్టిన."

"అమ్మా, నువ్వు ఊకో."

"తోలింది నువ్వే. ఈ తల్లికి ఎరుకే. పోలీసోళ్లకు అబద్ధం చెప్పిన గని, ఆమెకు చెప్పలే. నీ చెయ్యి తియ్యి, నీకు దండం పెడత."

ఆమె విడిన మెలికను వేళ్లతో మళ్లీ తిప్పి బిగించింది. వేలు తెగి నెత్తురు గంట మీద పడింది. ఆ నెత్తురు తన పేరు మీదుగా, కొడుకు పేరు మీదుగా జారడం ఆమె చూడలేదు. యాత్రికులు చూశారు. ఫాయిజా చేతిలోని ఫోన్ చూసింది. ఫోన్ దించేయమని శ్రీనివాస్ అరిచాడు. ఫాయిజా చెయ్యి కిందికి జారబోయింది. జమ్లి ఆమె మోచేతి కింద తన చెయ్యి ఆసరా పెట్టింది. ఫోన్ దిగలేదు.

అప్పుడు శ్రీనివాస్ మొదటిసారి జమ్లి ముఖం వైపు సరిగ్గా చూశాడు.

"ఎవతివే నువ్వు?"

"భూక్యా జైరాం చెల్లెను సార్." ఆమె వాచీ చూసుకుంది. "ప్లాన్ల నలభై నిమిషాలు రాసిన. ఇంకా ఆరు ఉన్నయి. తోలింది నువ్వేనని అమ్మగారు చెప్పిండ్రు. నువ్వు గూడ చెప్తవా?"

అతని కళ్లు అడవి వైపు తిరిగాయి. ఆనాడు పరుగెత్తింది కూడా అటే. ముస్తకీమ్ తాపీగా నడిచి వెళ్లి రెండు చెట్ల మధ్య బాట మీద నిలబడ్డాడు.

"ఈసారి ఉరుకకు సార్. ఈ గంట కట్టేటప్పుడు తీగ పట్టింది నేనే. నేను గూడ సాక్ష్యం చెప్త."

యాత్రికుల్లో ఒక పెద్దాయన, రిటైరైన హెడ్మాస్టర్, అప్పటికే పోలీసులకు ఫోన్ కలిపాడు. శ్రీనివాస్ కొత్త బండి మెట్టు మీద కూలబడ్డాడు. టైరు కింద నిమ్మకాయ ఒకటి నలగకుండా అలాగే ఉంది.

ప్రమీలారాణి రాయి ముందు కూర్చుని ఉంది. కొంగు వేలికి చుట్టుకుంది. జమ్లి దగ్గరికి రాగానే తలెత్తింది.

"నీకు అన్నం పెట్టిన గద బిడ్డా."

"పెట్టిండ్రమ్మా. తిన్నప్పుడల్ల మా యాడి యాదికొచ్చింది. ఆమెను మట్టిల పెట్టనీకి మా అన్నకు రెండే గంటలు ఇచ్చిండ్రు."

జాలి వస్తుందేమోనని జమ్లి తనలో తాను ఒక క్షణం వెతుక్కుంది. రాలేదు. ఆ ముసలి చేతులకు కొడుకు కోసం గంట కట్టడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు, తన అన్నను జైలుకు పంపడానికి. రెండూ చేసింది అవే చేతులు.

పోలీసులు వచ్చారు. పిచ్చయ్య తాత గంటను విప్పనివ్వలేదు. ఫోటోలు తీసుకుని, అందరి పేర్లూ రాసుకుని, తల్లీకొడుకులను తమ జీపులో తీసుకెళ్లారు. వెనకాలే టెంపో స్టేషన్‌కు వెళ్లింది. ముత్తక్క, ముస్తకీమ్, హెడ్మాస్టర్ వాంగ్మూలాలు ఇచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. లాయర్ ఫోన్ చేసి, లైవ్‌ను అప్పటికే వేలమంది చూశారని, రేపే కోర్టులో కాగితాలు వేస్తానని చెప్పాడు. ఆ గొంతులో పెదవి విరుపు లేదు.

యాత్రికులు బండి దగ్గర చాయ్ తాగుతూ గుసగుసలాడుతున్నారు. ఇప్పుడెటు అని ముస్తకీమ్ అడిగాడు. ప్లాన్ ప్రకారం ఈపాటికి పర్ణశాలలో ఉండాలి. జమ్లి కాగితం తీసింది.

ముత్తక్క వచ్చి ఆమె పక్కన నిలబడింది. చాలాసేపు చీర కొంగు నలిపింది.

"మీ అన్న యాడుంటడు?"

"పెనుబల్లి కాడ, తండాల. ఇంట్లకెళ్లి బయటికి రాడు."

"ఆ పిలగాని నెత్తి మీద మన్ను పోసిన. ఈ చేతులతోనే." ముత్తక్క అటుకుల మూటను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "రాముడు ఆరేండ్లు ఆగిండు. ఇంకో దినం ఆగుతడు. ముందుగాల నన్ను ఆడికి తీస్కపో."

హెడ్మాస్టర్ ఖాళీ గ్లాసు కింద పెట్టి తల ఊపాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే బండి ఎక్కారు. ముస్తకీమ్ స్టీరింగ్ ముందు కూర్చుని, పక్క సీటును చేత్తో తుడిచి ముత్తక్కను అక్కడ కూర్చోమన్నాడు.

జమ్లి పెన్ను తీసి, గంటాలమ్మ వరుస కింద కొత్త వరుస రాసింది. పెనుబల్లి, భూక్యా తండా. ఏం చూడాలి అన్న గడిలో అన్న పేరు రాసింది. నిమిషాల గడి దగ్గర పెన్ను ఆగింది. ఆ గడిని ఖాళీగా వదిలేసి ఆమె బండి ఎక్కింది.